రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం నిజం: ఆన్‌లైన్ సీబీటీతో దీర్ఘకాలపు కడుపునొప్పిని అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి కడుపునొప్పితో ఉన్నవాళ్లకు ఒక మాట బాగా అలవాటైపోయి ఉంటుంది: "కంగారేం లేదు, రిపోర్టులన్నీ నార్మల్." ఎండోస్కోపీ అయింది, స్కానింగ్ అయింది, రక్తపరీక్షలు రెండుసార్లు అయ్యాయి. ఆ మాట విని బయటికొచ్చేటప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియదు. ఇంటికి చేరేలోపే బొడ్డు చుట్టూ అదే మెలిపెట్టే నొప్పి. ఏమీ లేనప్పుడు ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోంది?

నేను ఆరేళ్లు ఈ ప్రశ్నతోనే తిరిగాను. మందులు కొంతవరకు పనిచేశాయి. మిగిలినదాన్ని దారికి తెచ్చింది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, క్లుప్తంగా సీబీటీ, అంటే ఆలోచనల తీరునీ అలవాట్లనీ సాధనతో మార్చుకునే చికిత్స. నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఒకప్పుడు నా రోజు ఎలా గడవాలో అదే నిర్ణయించేది. ఇప్పుడు అది వచ్చినా నా పని నేను చేసుకుంటున్నాను. ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో, చాలామంది ఎక్కడ ఆగిపోతారో వివరంగా రాస్తున్నాను.

మొదటి అడుగు: డాక్టరు దగ్గర లెక్క తేల్చుకోండి

దీన్ని దాటెయ్యకండి. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, ఆగని వాంతులు, కామెర్లు, నిద్రలోంచి లేపేసే నొప్పి, కడుపులో గడ్డలా తగలడం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ గానీ పేగుపూత జబ్బు (పేగుల్లో దీర్ఘకాలపు వాపు, పుళ్లు) గానీ సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) గానీ ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు చూడాలి. ఒక్కసారిగా తట్టుకోలేనంత నొప్పి వచ్చి కడుపు చెక్కలా బిగుసుకుపోతే ఏ యాప్ వైపూ చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇవేమీ లేవని తేలాక డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనో, ఫంక్షనల్ నొప్పి (అవయవంలో దెబ్బ కనిపించకపోయినా పనితీరులో తేడాతో వచ్చే నొప్పి) అనో పేరు పెడతారు. ఐబీఎస్‌ని గుర్తించడానికి 2016లో నిపుణులు ఖరారు చేసిన రోమ్ 4 ప్రమాణాలు వాడతారు. గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌కి వెళ్లడంతోనో, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదానితోనో, మలం తీరు మారడంతోనో సంబంధం ఉండాలి. ఈ మూడింటిలో కనీసం రెండు కనిపించాలి, లక్షణాలు మొదలై ఆరు నెలలైనా అయి ఉండాలి. ఈ వర్గం జబ్బులన్నిటినీ ఇప్పుడు పేగుకీ మెదడుకీ మధ్య సంభాషణలో వచ్చే లోపాలుగా వైద్యులు చెబుతున్నారు. "ఏమీ లేదు" అన్న మాట కన్నా ఇది ఎంతో నిజాయితీ ఉన్న పేరని నాకనిపిస్తుంది.

రెండో అడుగు: లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నరకణాలున్నాయి. అక్కణ్ణుంచి మెదడుకి వెళ్లే వేగస్ నాడిలో ఎక్కువ తంతువులు కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. గ్యాస్ కదలడం, పేగు సాగడం, అన్నం అరగడం లాంటివన్నీ మెదడుకి చేరుతూనే ఉంటాయి. మామూలుగా మెదడు వాటిని పట్టించుకోదు. కొందరిలో, ఒక్కోసారి పెద్ద ఇన్ఫెక్షన్ తర్వాతో, ఎక్కువకాలం ఒత్తిడిలో ఉన్నాకో, ఆ కబుర్ల సౌండు పెరిగిపోతుంది. పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూన్ పెట్టి కొద్దికొద్దిగా గాలి నింపి చూసిన పరీక్షల్లో, ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి మిగతావాళ్ల కన్నా తక్కువ గాలికే నొప్పి తెలిసింది. పేగులో పుండు లేదు, కానీ వాళ్లకి తెలిసిన నొప్పి మాత్రం నిజం.

ఇక రెండో సగం. నొప్పి రాగానే భయం వేస్తుంది. భయపడితే ధ్యాసంతా కడుపు మీదికి పోతుంది, పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, పేగుల కదలిక మారుతుంది. దాంతో నొప్పి పెరుగుతుంది, మరుసటిసారి అది రాకముందే భయం మొదలవుతుంది. ఈ చక్రంలో పేగు సున్నితత్వాన్ని నేరుగా పట్టుకుని తగ్గించడం మన చేతుల్లో లేదు. ఆలోచన, ధ్యాస, కండరాల బిగువు, నొప్పికి భయపడి మనం చేసే పనులు మాత్రం మన చేతికి అందుతాయి. సీబీటీ పట్టుకునేది వీటినే.

"అంటే ఇదంతా నా మనసులోనే ఉందనా?" అని మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. విరిగిన కాలికి ఫిజియోథెరపీ చేయిస్తే కాలు విరగలేదని ఎవరూ అనరు. ఇదీ అంతే.

ఆన్‌లైన్‌లో చేస్తే పనిచేస్తుందా అన్న అనుమానానికి మంచి జవాబులే ఉన్నాయి. బ్రిటన్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ, కింగ్స్ కాలేజ్ లండన్ పరిశోధకులు మందులకు లొంగని ఐబీఎస్ ఉన్న 558 మందితో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఫోన్‌లో థెరపిస్టుతో సీబీటీ చేసినవాళ్లూ, వెబ్‌సైట్ ద్వారా కొద్దిపాటి ఫోన్ సాయంతో చేసినవాళ్లూ, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కన్నా ఏడాది తర్వాత మెరుగ్గా ఉన్నారు. అమెరికాలో బఫలో యూనివర్సిటీ ఆధ్వర్యంలో 436 మందితో జరిగి 2018లో వచ్చిన మరో అధ్యయనంలో, థెరపిస్టుని నాలుగుసార్లే కలిసి మిగతాది ఇంట్లో సొంతంగా నేర్చుకున్నవాళ్లు, పదిసార్లు కలిసినవాళ్లకేమీ తీసిపోలేదు. ఐబీఎస్ కోసం సీబీటీ నేర్పే యాప్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2020లో అనుమతిచ్చింది.

మూడో అడుగు: ప్రోగ్రామ్ ఎంచుకోవడం, చోటు కుదుర్చుకోవడం

ధ్యానం, ప్రశాంతత పేరుతో బోలెడన్ని యాప్‌లు దొరుకుతాయి. అవి చెడ్డవని కాదు గానీ మనకు కావలసినవి అవి కావు. కడుపు, పేగుల సమస్య కోసమే తయారైనది చూడండి. 8 నుంచి 12 వారాల పాఠాలు వరసగా ఉండాలి, ప్రతి వారం మీ చేత ఏదైనా రాయించాలి, చేయించాలి. తయారుచేసినవాళ్లలో సైకాలజిస్టులు, పేగు వైద్యులు ఉన్నారో లేదో చూడండి. మీరు రాసే వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో స్పష్టంగా చెప్పాలి. "21 రోజుల్లో పూర్తిగా నయం" అన్నా, మధ్యలో పొడులూ మాత్రలూ అంటగట్టినా వెంటనే బయటికొచ్చెయ్యండి.

ఫోన్‌లోనో మెసేజీల్లోనో మాట్లాడే మనిషి ఉంటే మరీ మంచిది. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో వెబ్‌సైట్ వాడినవాళ్లకు దొరికింది అరగంట చొప్పున మూడు ఫోన్ కాల్స్, తర్వాత గుర్తుచేయడానికి మరో రెండు. అంత తక్కువ సాయమైనా మధ్యలో వదిలెయ్యకుండా కాపాడుతుంది. మీ ప్రోగ్రామ్‌లో అలాంటి మనిషి లేకపోతే వారానికోసారి "ఈ వారం పాఠం అయిందా?" అని అడిగే స్నేహితుణ్ణి పెట్టుకోండి.

వారానికి రెండుసార్లు, ఒకే టైముకి, 40 నిమిషాలు కేటాయించండి. నొప్పి లేని టైము చూసుకుని కూర్చుందాం అనుకుంటే ఎన్నటికీ కూర్చోరు.

ఒక్క జాగ్రత్త. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే, రోజుల తరబడి మంచం దిగలేని దిగులుంటే, తిండంటే భయపడి బరువు పడిపోతుంటే ఒంటరిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టకండి. మానసిక వైద్యుణ్ణి నేరుగా కలవండి.

నాలుగో అడుగు: రెండు వారాలు డైరీ మాత్రమే

ఈ రెండు వారాల్లో ఏదీ మార్చకండి, రాయండి అంతే. టైము, నొప్పి 10కి ఎంత, అప్పుడు ఏం జరుగుతోంది, మనసులో మెదిలిన మాట, వెంటనే ఏం చేశారు, గంట తర్వాత ఎలా ఉంది. నా డైరీలోంచి ఒకటి:

"మంగళవారం ఉదయం 9:40. నొప్పి 4. పదింటికి మీటింగ్. 'మధ్యలో లేచి పరిగెత్తాల్సి వస్తే అందరూ ఏమనుకుంటారు?' బాత్రూమ్‌కి రెండోసారి వెళ్లాను, ఏమీ రాలేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. 10:15కి నొప్పి 6. 11:00కి మీటింగ్ అయిపోయింది. 11:20కి నొప్పి 2."

ఆ రోజు ఉదయం నుంచి నేనేమీ తినలేదు. నొప్పికి తిండే కారణమని నమ్మి అప్పటికి నాలుగేళ్లుగా ఒక్కొక్క పదార్థమే మానేస్తూ వచ్చాను. మరి ఖాళీ కడుపుతో ఆరుకి ఎందుకు చేరింది? మీటింగ్ అయిన ఇరవై నిమిషాలకే రెండుకి ఎందుకు దిగింది? డాక్టర్లు ఎంత చెప్పినా ఎక్కని విషయం నా చేతిరాతలో కనిపించేసరికి అర్థమైంది.

అలాగని ఉదయం నుంచి రాత్రి దాకా కడుపుని కనిపెట్టుకుని కూర్చోకండి. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. అంతకు మించితే డైరీయే కొత్త జబ్బవుతుంది.

మొదటి రోజే ఒక కొలత కూడా తీసుకోండి. ఐబీఎస్ తీవ్రతకి 0 నుంచి 500 దాకా ఉండే ప్రశ్నావళి (IBS-SSS) ఒకటుంది. 175 నుంచి 300 మధ్య ఉంటే మధ్యస్థం, 300 దాటితే తీవ్రం. తర్వాత 50 పాయింట్లు తగ్గితే నిజమైన మెరుగుదలగా లెక్కవేస్తారు. నెలకోసారి నింపండి. రోజూ నింపితే మంచి రోజున పొంగిపోతాం, చెడ్డ రోజున కుంగిపోతాం.

ఐదో అడుగు: శరీరం వైపు నుంచి

పొట్టతో ఊపిరి తీసుకోవడం అందరికీ తెలిసినట్టే ఉంటుంది, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టండి. పొట్ట మీది చెయ్యి మాత్రమే లేవాలి. లోపలికి నాలుగు సెకన్లు, బయటికి ఆరు సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు. నొప్పి లేనప్పుడే నేర్చుకోవాలి. ఈత నేర్చుకోవడానికి వరద వచ్చేదాకా ఆగం కదా.

భోజనం వేళలు తప్పకండి. పూట మానేసి తర్వాత ఒక్కసారే నింపితే పేగు ఎక్కువ గొడవ చేస్తుంది. తిన్న కాసేపటికి కడుపులో కదలిక, మోషన్ వచ్చినట్టు అనిపించడం జబ్బు కాదు. పొట్ట నిండగానే పెద్దపేగు కదలడం అందరిలోనూ జరిగేదే. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎంతైనా మామూలే. బయటికెళ్లే ముందు "ఎందుకైనా మంచిది" అని బలవంతంగా బాత్రూమ్‌కి వెళ్లే అలవాటుంటే అదీ డైరీలో రాసుకోండి, ఏడో అడుగులో పనికొస్తుంది. నిద్ర, నడక సంగతి మీకు తెలిసిందే. నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరగడం మీ డైరీలోనే కనిపించవచ్చు.

ఆరో అడుగు: ఆలోచనని పట్టుకోవడం

సీబీటీ అంటే అంతా మంచే అనుకోమని చెప్పడం అనుకుంటారు. అలా అయితే నేను రెండో వారంలోనే మానేసేదాన్ని. ఇక్కడ అడిగేది ఒక్కటే: ఈ ఆలోచన ఎంతవరకు నిజం?

నన్ను ఎక్కువగా తిన్న ఆలోచన ఇది: "ఇది క్యాన్సరే, డాక్టర్లు కనిపెట్టలేకపోయారు." దాన్ని కాగితం మీద రాశాను, నమ్మకం 70 శాతం అని పక్కన వేశాను. దీనికి రుజువులేంటి? నొప్పి పోవడం లేదు. ఇంకేమీ దొరకలేదు. వ్యతిరేకంగా? ఆరేళ్లుగా ఇదే తీరు, బరువు మారలేదు, రక్తం బాగుంది, పెద్దపేగు లోపల చూశారు, సెలవు రోజుల్లో నొప్పి సగమవుతుంది. చివరికి రాసుకున్న మాట: "ఈ నొప్పి నాకు తెలిసిందే. ఇలాగే వచ్చి గంటలో తగ్గిన రోజులు నా డైరీలో ఉన్నాయి. రక్తం పడినా, బరువు తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఈ రోజు అవేమీ లేవు." మళ్లీ చూసుకుంటే నమ్మకం 30 శాతం. సున్నా కాలేదు, కానక్కర్లేదు కూడా. కంప్యూటర్ మూసి నిద్రపోవడానికి 30 సరిపోయింది.

రెండు రకాల ఆలోచనలు ఈ నొప్పిలో పదే పదే వస్తాయి. ఒకటి "ఇక తట్టుకోలేను, రోజంతా ఇంతే" అన్నది. దీనికి జవాబు డైరీలో ఉంటుంది, ఎన్నిసార్లు రోజంతా ఉందో లెక్కపెట్టండి. రెండోది "అందరూ నన్నే చూస్తారు". దీనికి జవాబు కాగితం మీద పూర్తిగా దొరకదు, బయటికెళ్లి చూడాల్సిందే.

లక్షణాల గురించి గూగుల్‌లో వెతకడం ఈ వారంలోనే ఆపండి. వెతికిన పది నిమిషాలు ఊరట, ఆ తర్వాత కొత్త జబ్బు పేరు. ఒక్కసారే మానలేకపోతే "రేపు సాయంత్రం ఆరింటికి వెతుకుతాను" అని రాసి పక్కన పెట్టండి. ఆరింటికి చాలాసార్లు అవసరమే ఉండదు.

ఏడో అడుగు: నొప్పి లాక్కున్నవి ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోవడం

అన్ని అడుగుల్లోకీ ముఖ్యమైంది ఇదే, ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. పాఠాలు చదివి, ఊపిరి సాధన చేసి, "నాకు అర్థమైంది" అనుకుని మానేస్తారు. అర్థమైతే భయం పోదు, చేస్తే పోతుంది.

ముందు రెండు జాబితాలు రాయండి. మొదటిదాంట్లో నొప్పికి భయపడి మానేసినవి: దూర ప్రయాణాలు, బయట తినడం, పెళ్లిళ్లు, వ్యాయామం, కొన్ని రకాల తిండి. రెండోది రాయడం కష్టం, ఎందుకంటే అవి మనకు జాగ్రత్తల్లా కనిపిస్తాయి. ఎక్కడికెళ్లినా ముందు టాయ్‌లెట్ ఎక్కడుందో చూసుకోవడం, చివరి కుర్చీ, జేబులో మాత్ర, బయల్దేరే ముందు పస్తుండటం, పదే పదే పొట్ట నొక్కి చూసుకోవడం, "నాకేం కాదు కదా?" అని ఇంట్లోవాళ్లని అడగడం. వీటివల్ల అప్పటికప్పుడు ధైర్యం వస్తుంది. కానీ మీటింగ్ బాగా జరిగితే ఆ ఘనతంతా తలుపు పక్క కుర్చీ ఖాతాలో పడుతుంది. కుర్చీ వల్ల కాదు, నా శరీరమే తట్టుకుంది అని మెదడుకి ఎప్పటికీ తెలియదు.

ఒక్కొక్కదానికీ భయం 100కి ఎంతో వేసి, తక్కువ నుంచి ఎక్కువకి మెట్లు కట్టండి. 30, 40 దగ్గర మొదలుపెట్టండి. మరీ 10 దగ్గర మొదలుపెడితే నేర్చుకునేదేమీ ఉండదు. ప్రతి మెట్టుకీ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో రాయండి, తర్వాత ఏం జరిగిందో రాయండి.

నా మొదటి ప్రయోగం మధ్య కుర్చీలో కూర్చోవడం. "లేచి వెళ్లాల్సి రావడం ఖాయం, 80 శాతం" అని రాసుకుని వెళ్లాను. పది నిమిషాలకి నొప్పి 6. అరచేతులు చెమటలు. లేవాలనిపించింది, లేవలేదు. ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో మాటా మాటా వినడానికి ప్రయత్నించాను. మరో పావుగంటకి చూసుకుంటే నొప్పి 4. అది ఎప్పుడు తగ్గిందో నాకు తెలియలేదు. మూడోసారికి 80 కాస్తా 35 అయింది. ఆ తర్వాత పస్తుండకుండా వెళ్లాను, ఆ తర్వాత మాత్ర ఇంట్లో వదిలి వెళ్లాను.

ఒక్కో మెట్టూ మూడు నాలుగుసార్లు చెయ్యండి. ఒకసారి నిజంగానే లేచి వెళ్లాల్సి వస్తే దాన్నీ రాయండి: ఎవరు ఏమన్నారు, తిరిగొచ్చాక ఏమైంది? నేను ఒకసారి లేచి వెళ్లి వచ్చాను. ఎవరూ తల కూడా ఎత్తలేదు.

తిండి విషయంలో మాత్రం డాక్టరు పరీక్షించి మానమన్నవి, అంటే సీలియాక్ జబ్బు, అలర్జీ లాంటి వాటికి సంబంధించినవి, ఈ మెట్లలోకి తేకండి. భయంతో మానేసినవే ఒక్కొక్కటిగా, కొంచెం కొంచెంగా తెచ్చుకోండి.

ఇంట్లోవాళ్లకి

గంటకోసారి "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం ప్రేమే. కానీ ఆ ప్రశ్న ధ్యాసని మళ్లీ కడుపు మీదికి లాగుతుంది. పిల్లల్లో వచ్చే ఇలాంటి నొప్పి మీద జరిగిన పరిశోధనల్లో, తల్లిదండ్రులు తాము స్పందించే తీరు మార్చుకోవడమూ చికిత్సలో భాగమే. నొప్పిని నమ్మండి, కానీ సంభాషణంతా దానిచుట్టూ తిప్పకండి. "నొప్పిగా ఉందా? సరే, కాసేపు ఊపిరి సాధన చెయ్యి, తర్వాత ఇద్దరం నడిచొద్దాం" అంటే చాలు.

నొప్పి తిరగబెట్టిన రోజుకి

తిరగబెడుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా, నిద్ర లేకపోయినా, ఇంట్లో కష్టమొచ్చినా, ఏ కారణమూ లేకపోయినా. ఆ రోజు కోసం బాగున్నప్పుడే ఒక చీటీ రాసి ఫోన్‌లో పెట్టుకోండి. నాది ఇలా ఉంటుంది: ప్రమాద సూచనలున్నాయేమో చూసుకో. వేడినీళ్ల సంచీ, పది నిమిషాలు ఊపిరి. రోజు పనుల్లో సగం చెయ్యి, అన్నీ మానకు. వేళకి కొంచెమైనా తిను. కొత్తగా ఏదీ మానెయ్యకు. గూగుల్ వద్దు. రేపు మళ్లీ ఏ మెట్టు దగ్గర ఆగావో అక్కణ్ణుంచి.

మూడు నెలలు నిజంగా చేసినా ఆ 50 పాయింట్లు తగ్గకపోతే మీరు ఓడిపోయినట్టు కాదు, దీనికి మరో సాయం తోడవ్వాలి. పేగుల కోసమే చేసే హిప్నోథెరపీ ఉంది. పాత డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో ఐబీఎస్‌కి పనిచేస్తుందని బ్రిటన్‌లో 463 మందితో జరిగి 2023లో వచ్చిన అధ్యయనం చూపించింది. దాన్ని డిప్రెషన్ కోసం ఇస్తున్నారనుకుని చాలామంది మానేస్తుంటారు, కానీ ఆ మోతాదులో దాని పని నరాల కబుర్ల సౌండు తగ్గించడం. ఓపియాయిడ్ రకం (మార్ఫిన్, ట్రమడాల్ లాంటి) నొప్పి మాత్రలు మాత్రం అడక్కండి. అవి పేగుని మందగింపజేసి ఈ నొప్పిని కాలక్రమేణా పెంచగలవు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు పాత రిపోర్టుల కట్టతో పాటు మీ డైరీ, నెలవారీ స్కోర్లు, ఎక్కిన మెట్ల జాబితా కూడా పట్టుకెళ్లండి. పరీక్షల్లో కనిపించని మీ నొప్పి తీరు ఆ కాగితాల్లో కనిపిస్తుంది.